హ్యాంగౌట్స్ పోయాక గూగుల్ వాయిస్‌లో వాయిస్‌మెయిల్ వినడం ఎలా

మీ గూగుల్ వాయిస్ నంబర్‌కి, అంటే గూగుల్ ఇచ్చే ఫోన్ నంబర్‌కి, ఎవరో ఫోన్ చేశారు, మీరు ఎత్తలేదు. రెండు రోజులు పోయాక "మెసేజ్ పెట్టాను కదండీ, వినలేదా?" అని అడిగారు. మీరు జీమెయిల్ తెరిచారు. ఒకప్పుడు ఎడమ పక్కన గూగుల్ పాత మెసేజింగ్ యాప్ హ్యాంగౌట్స్ ఉండే చోట ఇప్పుడు గూగుల్ చాట్ ఉంది. అందులో పైనుంచి కిందదాకా వెతికారు, వాయిస్‌మెయిల్ (ఫోన్ ఎత్తనప్పుడు అవతలివాళ్లు రికార్డు చేసి పెట్టే మెసేజ్) అన్న మాటే కనిపించలేదు. ఫోన్‌లో పాత ఆకుపచ్చ హ్యాంగౌట్స్ గుర్తు కూడా లేదు. అంటే మెసేజ్‌లన్నీ పోయినట్టేనా అని టెన్షన్ మొదలైంది.

పోలేదు. మీ వాయిస్‌మెయిల్ ఎప్పుడూ హ్యాంగౌట్స్ లోపల లేదు, గూగుల్ వాయిస్ ఖాతాలోనే ఉంది. హ్యాంగౌట్స్ దాన్ని చూపించే కిటికీ మాత్రమే. ఇప్పుడు కిటికీ మూసేశారు, ఇల్లు అలాగే ఉంది, మీరు తలుపు దగ్గరికి వెళ్లాలి, అంతే. ఆ తలుపు ఎక్కడుందో, లోపలికి వెళ్లాక కూడా మెసేజ్ కనిపించకపోతే ఏం చూడాలో చెప్తాను. రెండోదే అసలు తలనొప్పి, కాబట్టి దానిమీద కాస్త ఎక్కువసేపు ఉంటాను.

ముందు ఈ గందరగోళం ఎలా వచ్చిందో రెండు ముక్కల్లో. గూగుల్ వాయిస్ 2009లో వచ్చింది, అంతకు రెండేళ్ల ముందు గూగుల్ కొన్న గ్రాండ్‌సెంట్రల్ అనే సర్వీసే దాని మూలం. హ్యాంగౌట్స్ 2013లో వచ్చింది. 2014లో రెంటినీ కలిపారు, అప్పటినుంచి మీ వాయిస్ నంబర్‌కి వచ్చే కాల్స్, టెక్స్ట్ మెసేజ్‌లు, వాయిస్‌మెయిల్ అన్నీ హ్యాంగౌట్స్‌లోనే చూసుకునే వీలు వచ్చింది. చాలామంది అప్పుడే వాయిస్ యాప్‌ని తీసేశారు, నేనూ తీసేశాను, ఒకే పనికి రెండు యాప్‌లు ఎందుకని. తర్వాత 2017లో వాయిస్ యాప్‌ని కొత్తగా చేసి వదిలారు, 2020 అక్టోబరులో ఇక వాయిస్‌ని హ్యాంగౌట్స్ నుంచి తీసేస్తున్నాం, అందరూ వాయిస్ యాప్‌కి మారండి అని చెప్పారు, 2022 నవంబరులో హ్యాంగౌట్స్‌నే మూసేసి అందరినీ గూగుల్ చాట్‌కి పంపేశారు. మన చాట్ కబుర్లు చాట్‌కి వెళ్లాయి కాబట్టి వాయిస్‌మెయిల్ కూడా అక్కడికే వెళ్లుంటుందని అనుకోవడం సహజం. వెళ్లలేదు. చాట్‌కి ఫోన్ నంబర్‌తో సంబంధమే లేదు. అందులో ఎంత వెతికినా చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా తిరిగినట్టే.

ఇంకో మాట. మామూలు జీమెయిల్ ఖాతాతో వాడే వాయిస్ నంబర్ అమెరికాలో ఉన్నవాళ్లకే ఇస్తారు, దాన్ని తీసుకోవడానికి అక్కడి ఫోన్ నంబర్ ఒకటి కావాలి. ఆఫీసువాళ్లు ఇచ్చిన వాయిస్ నంబర్ అయితే కొన్ని సెట్టింగ్స్ మీ చేతిలో ఉండకపోవచ్చు, ఆఫీసులో ఐటీ చూసేవాళ్లని అడగాలి. ఇక్కడ చెప్పేదంతా సొంత ఖాతా గురించి.

మొదట ఖాతా సరైనదో కాదో చూసుకోండి

ఇది మరీ చిన్న విషయం అనిపిస్తుంది, కానీ సగం మంది ఇక్కడే ఇరుక్కుంటారు. మనలో చాలామందికి రెండు మూడు జీమెయిల్ ఐడీలు ఉంటాయి. చదువుకునే రోజుల్లో పెట్టుకున్నది ఒకటి, ఉద్యోగాలకి రెజ్యూమేలు పంపడానికి "మర్యాదగా" ఉండేది ఒకటి, ఎక్కడపడితే అక్కడ ఇచ్చేసే చెత్తబుట్ట ఐడీ ఒకటి. వాయిస్ నంబర్ వీటిలో ఏదో ఒకదానికే కట్టి ఉంటుంది. హ్యాంగౌట్స్‌లో అన్ని ఖాతాలూ ఒకేచోట కనిపించేవి కాబట్టి ఏ నంబర్ ఏ ఐడీదో గుర్తుపెట్టుకోవాల్సిన అవసరం పడలేదు. ఇప్పుడు పడుతుంది.

కంప్యూటర్‌లో బ్రౌజర్ తెరిచి వాయిస్.గూగుల్.కామ్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టండి. పేజీ తెరుచుకున్నాక కుడివైపు పైన మీ ఫొటోనో, పేరు మొదటి అక్షరమో గుండ్రంగా కనిపిస్తుంది, దాన్ని నొక్కితే ఏ ఐడీతో ఉన్నారో తెలుస్తుంది. "మీకు ఒక నంబర్ ఎంచుకోండి" అన్నట్టు కొత్తగా మొదలుపెట్టమని అడుగుతుంటే మీరు తప్పు ఐడీలో ఉన్నారని అర్థం. కంగారుపడి కొత్త నంబర్ తీసుకోకండి. ఐడీ మార్చండి, అంతే. సరైన ఐడీకి వచ్చాక పళ్లచక్రం గుర్తు, అదే సెట్టింగ్స్, నొక్కి అకౌంట్ అనే భాగంలో మీ వాయిస్ నంబర్ కనిపిస్తోందా లేదా చూడండి. అది కనిపిస్తే సగం పని అయిపోయినట్టే.

కంప్యూటర్‌లో వినడం

అదే పేజీలో ఎడమవైపు నిలువుగా గుర్తులు ఉంటాయి: కాల్స్‌కి ఫోన్ గుర్తు, మెసేజ్‌లకి మాటల బుడగ, వాయిస్‌మెయిల్‌కి పాత టేపురికార్డరు క్యాసెట్ చక్రాల్లా రెండు సున్నాలు కింద గీతతో కలిపిన గుర్తు. మూడోది నొక్కండి. వచ్చిన మెసేజ్‌లు వరుసగా కనిపిస్తాయి, ఇంకా వినని వాటి పేర్లు బొద్దుగా ఉంటాయి. ఒకదాన్ని నొక్కితే వివరాలు తెరుచుకుంటాయి, అవతలివాళ్లు మాట్లాడింది అక్షరాల్లో కనిపిస్తుంది, త్రికోణం గుర్తు నొక్కితే గొంతు వినిపిస్తుంది. హ్యాంగౌట్స్ కాలం నాటి పాత మెసేజ్‌లు కూడా, మీరు అప్పట్లో చెరిపేసి ఉండకపోతే, కిందికి జరుపుకుంటూ పోతే ఇక్కడే దొరుకుతాయి. నాకు 2016 నాటి ఒక మెసేజ్ దొరికింది. డెంటిస్ట్ దగ్గరినుంచి, "మీ అపాయింట్‌మెంట్ రేపు" అని. అప్పుడు వెళ్లానో లేదో గుర్తులేదు.

ఫోన్‌లో వినడం

ఆండ్రాయిడ్ అయినా ఐఫోన్ అయినా గూగుల్ వాయిస్ అనే యాప్ వేరే వేసుకోవాలి. యాప్ స్టోర్‌లో వెతికేటప్పుడు గూగుల్ పేరుతో ఉన్నదే దించుకోండి, ఆ పేరుకి దగ్గరగా ఉండే వేరే యాప్‌లు కూడా కనిపిస్తాయి. తెరిచి, ఇందాక నిర్ధారించుకున్న ఐడీతోనే లోపలికి వెళ్లండి. అడుగున వరుసగా ట్యాబ్‌లు ఉంటాయి, వాటిలో వాయిస్‌మెయిల్ నొక్కి, మెసేజ్ మీద తట్టి, ప్లే నొక్కడమే. నలుగురిలో ఉన్నప్పుడు ప్లే నొక్కేముందు శబ్దం స్పీకర్‌లోంచి వస్తోందా, చెవి దగ్గరినుంచి వస్తోందా చూసుకోండి, స్పీకర్ బటన్ పక్కనే ఉంటుంది. ఇది ఎందుకు చెప్తున్నానో అడక్కండి.

యాప్ వేసుకున్నంత మాత్రాన కొత్త మెసేజ్ వచ్చినప్పుడు ఫోన్ మోగుతుందని అనుకోకండి. ఆండ్రాయిడ్ 13 నుంచి కొత్తగా వేసుకున్న ప్రతి యాప్‌కీ నోటిఫికేషన్లకి విడిగా అనుమతి ఇవ్వాలి, మొదటిసారి తెరిచినప్పుడు అడిగే ప్రశ్నకి హడావిడిలో "వద్దు" కొట్టేస్తే ఇక అది నోరు మూసుకుని కూర్చుంటుంది. ఐఫోన్‌లోనూ అదే కథ. ఫోన్ సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితాలో వాయిస్‌ని వెతికి, నోటిఫికేషన్లు ఆన్‌లో ఉన్నాయో లేదో ఒకసారి చూడండి. ఆండ్రాయిడ్‌లో అయితే అక్కడే బ్యాటరీ అనే చోట ఈ యాప్‌ని ఫోన్ నిద్రపుచ్చకుండా చూసుకోండి, లేకపోతే పొద్దున్న వచ్చిన మెసేజ్ గురించి మీరు యాప్ తెరిచినప్పుడే తెలుస్తుంది.

ఈమెయిల్‌కి పంపించుకోవడం

నన్నడిగితే అన్నిటికన్నా నమ్మకమైన దారి ఇదే. రేపు ఈ యాప్‌ని కూడా ఇంకోదానిలో కలిపేసినా, పేరు మార్చినా మీ మెయిల్ మీకు వస్తూనే ఉంటుంది. సెట్టింగ్స్‌లో వాయిస్‌మెయిల్ భాగానికి వెళ్తే "గెట్ వాయిస్‌మెయిల్ వయా ఈమెయిల్" అని ఒక స్విచ్ ఉంటుంది, ఆన్ చేయండి. ఇక ఎవరైనా మెసేజ్ పెట్టగానే, వాళ్ల మాటలు అక్షరాల్లో రాసి, వినడానికి లింకుతో మెయిల్ వస్తుంది. మీటింగ్‌లో ఉన్నప్పుడు చెవికి ఫోన్ పెట్టుకోకుండానే విషయం ఏమిటో తెలిసిపోతుంది. జీమెయిల్‌లో వీటికి ఒక లేబుల్ పెట్టుకుంటే తర్వాత వెతుక్కోవడం కూడా తేలిక. ఆ పక్కనే ఇదే విషయాన్ని మీ మొబైల్‌కి టెక్స్ట్‌గా పంపే స్విచ్ కూడా ఉంటుంది, కావాలంటే పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు, ఒక్క మెసేజ్‌కి మూడుసార్లు ఫోన్ మోగడం నాకు పడదు.

నెట్ లేనప్పుడు

మామూలు ఫోన్‌లోంచి కూడా వినొచ్చు. దీనికి ముందుగా వాయిస్ సెట్టింగ్స్‌లో ఒక పిన్ పెట్టుకుని ఉండాలి, కాబట్టి నెట్ ఉన్నప్పుడే ఆ పని చేసేయండి. తర్వాత ఏ ఫోన్ నుంచైనా మీ వాయిస్ నంబర్‌కే ఫోన్ చేసి, మీ పలకరింపు వినిపిస్తుండగా నక్షత్రం గుర్తు నొక్కి, పిన్ కొడితే లోపలికి వెళ్తారు. ఆ పైన అదే దారి చెప్తుంది. పిన్‌గా పుట్టిన సంవత్సరమో, 1234 అనో పెట్టకండి. నంబర్ తెలిసిన ఎవరైనా ప్రయత్నించగలిగే తలుపు ఇది.

అన్నీ చేశాను, అయినా మెసేజ్ లేదు

ఇక్కడే అసలు సంగతి. అవతలివాళ్లు మెసేజ్ పెట్టామని ఒట్టేసి చెప్తున్నారు, మీ వాయిస్‌లో ఏమీ లేదు. ఇద్దరూ నిజమే చెప్తున్నారు.

వాయిస్ నంబర్‌కి కాల్ వస్తే అది మీరు జతచేసిన మొబైల్ నంబర్‌కి కూడా వెళ్తుంది, అలా ఫార్వర్డ్ చేయమని పెట్టుకుని ఉంటే. మీ మొబైల్‌కి దాని కంపెనీ ఇచ్చిన సొంత వాయిస్‌మెయిల్ కూడా ఒకటి ఉంటుంది కదా. గూగుల్ వాయిస్ సుమారు 25 సెకన్లు మోగనిచ్చి, ఎవరూ ఎత్తకపోతే తన వాయిస్‌మెయిల్‌కి తీసుకెళ్తుంది. కానీ మీ మొబైల్ కంపెనీ వాయిస్‌మెయిల్ అంతకన్నా ముందే ఎత్తేస్తే? గూగుల్ వాయిస్‌కి ఎత్తింది మనిషా మెషీనా తెలియదు, "హమ్మయ్య, ఎవరో ఎత్తారు" అనుకుని కాల్ అప్పగించేస్తుంది. మెసేజ్ అక్కడ పడుతుంది. మీరు వెతుకుతున్నది ఇక్కడ. ఫోన్ ఆఫ్‌లో ఉన్నా, సిగ్నల్ లేకపోయినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే అలాంటప్పుడు మొబైల్ కంపెనీ వాయిస్‌మెయిల్ ఒక్క రింగు కూడా ఆగదు.

హ్యాంగౌట్స్ ఉన్న రోజుల్లో ఇది పెద్దగా తెలిసేది కాదు, చాలామంది కాల్స్ హ్యాంగౌట్స్‌లోనే మోగేవి, ఫార్వర్డింగ్ సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అది పోయాక ఎప్పుడో పెట్టి మర్చిపోయిన ఫార్వర్డింగ్ ఒక్కటే మిగిలింది.

నా సంగతే చెప్తాను. ఒక కంపెనీలో ఇంటర్వ్యూ బాగానే చేశాను, వారంలో ఫోన్ చేస్తామన్నారు. వారం అయింది, పదిరోజులయింది, లేదు. నేనే మెయిల్ పెడితే "మేం రెండుసార్లు ఫోన్ చేసి మెసేజ్ పెట్టాం, మీరు తిరిగి చేయలేదు" అని జవాబొచ్చింది. తల గిర్రున తిరిగింది. అప్పుడు పక్కనున్న ఫ్రెండ్ ఫోన్ తీసుకుని నా వాయిస్ నంబర్‌కి నేనే చేసి చూశాను. నాలుగు రింగుల తర్వాత ఒక ముసలాయన గొంతు, చాలా ప్రశాంతంగా, "ఇప్పుడు ఎత్తలేను, పేరూ నంబరూ చెప్పండి" అంది. ఎవరాయన? ఏడాది క్రితం నేను మొబైల్ కంపెనీ మారినప్పుడు పాత నంబర్ వదిలేశాను, దాన్ని వేరే ఎవరికో ఇచ్చారు. గూగుల్ వాయిస్‌లో మాత్రం ఆ పాత నంబరే జతచేసి ఉంది. నా ఇంటర్వ్యూ మెసేజ్‌లు, ఫార్మసీ మెసేజ్‌లు, అపార్ట్‌మెంట్ ఆఫీసు మెసేజ్‌లు అన్నీ పాపం ఆ పెద్దాయన విన్నాడు. ఉద్యోగం వేరేవాళ్లకి వెళ్లిపోయింది.

కాబట్టి ఈ మూడూ వరుసగా చూడండి.

సెట్టింగ్స్‌లో లింక్డ్ నంబర్స్ అనే చోట ఉన్న ప్రతి నంబర్ ఇప్పటికీ మీదేనా? కాకపోతే పక్కనున్న గుణకారం గుర్తు నొక్కి వెంటనే తీసేయండి, ఇప్పుడు వాడుతున్న నంబర్ జతచేయండి. దీనికి గూగుల్ ఆరంకెల కోడ్ ఒకటి పంపుతుంది, దాని గురించి కింద ఒక హెచ్చరిక ఉంది.

తర్వాత కాల్స్ భాగంలో కాల్స్ ఎక్కడెక్కడ మోగాలో స్విచ్‌లు ఉంటాయి: వెబ్, మీ ఫోన్‌లోని యాప్, జతచేసిన నంబర్. మీ ఫోన్‌లో నెట్ ఎప్పుడూ బాగుంటుందంటే జతచేసిన నంబర్‌కి ఫార్వర్డ్ కావడం ఆపేసి, యాప్‌లోనే మోగనివ్వండి. అప్పుడు మొబైల్ కంపెనీ వాయిస్‌మెయిల్ మధ్యలోకి వచ్చే దారే ఉండదు. అన్నిటికన్నా శుభ్రమైన పద్ధతి ఇది.

ఫార్వర్డింగ్ ఉండి తీరాలి, యాప్ కాల్స్ మీకు సరిగ్గా వినపడవు అంటే "స్క్రీన్ కాల్స్" ఆన్ చేయండి. ఇది చేస్తే మీరు ఫోన్ ఎత్తగానే కాల్ కలవదు, చేసింది ఎవరో వినిపించి, మాట్లాడాలంటే 1 నొక్కమంటుంది. మొబైల్ కంపెనీ వాయిస్‌మెయిల్ ఎత్తిందనుకోండి, అది 1 నొక్కలేదు కదా! కాసేపు చూసి కాల్ వెనక్కి వచ్చి గూగుల్ వాయిస్‌మెయిల్‌లోనే పడుతుంది. మెషీన్‌ని మెషీన్‌తోనే ఓడించడం. పరిచయం లేనివాళ్లు ఫోన్ చేస్తే పేరు చెప్పమని అడుగుతుంది కాబట్టి ఇంట్లో పెద్దవాళ్లు కొత్త నంబర్ నుంచి చేస్తే "ఇదేంటి, ఎవరో ఆడమనిషి ఇంగ్లిష్‌లో అడుగుతోంది" అని పెట్టేసే ప్రమాదం ఉంది. వాళ్లకి ముందే చెప్పి ఉంచండి.

ఇవన్నీ బాగానే ఉండి, ఈమధ్య కాల్స్ అసలు మోగడమే లేదు, అన్నీ నేరుగా వాయిస్‌మెయిల్‌కే పోతున్నాయి అంటే కాల్స్ మోగకుండా ఆపే డు నాట్ డిస్టర్బ్ ఆన్‌లో ఉండిపోయిందేమో చూడండి. మీ ఫోన్‌లో ఉండేది కాదు, వాయిస్ లోపల దానిదంటూ విడిగా ఒకటి ఉంది.

ఇంకా దొరకలేదా? మెనూలో స్పామ్, ఆర్కైవ్ అని రెండు చోట్లు ఉంటాయి, అవి కూడా తెరవండి. గూగుల్ ఏదైనా నంబర్‌ని అనుమానించిందంటే ఆ మెసేజ్ స్పామ్‌లోకి వెళ్లిపోతుంది, 30 రోజులయ్యాక దానంతటదే చెరిగిపోతుంది కూడా. ఆసుపత్రులు, స్కూళ్లు ఒకే నంబర్ నుంచి వందలమందికి చేస్తుంటాయి కాబట్టి అలాంటివే ఎక్కువగా ఇక్కడ ఇరుక్కుంటాయి. దొరికితే స్పామ్ కాదని గుర్తుపెట్టి, ఆ నంబర్‌ని కాంటాక్ట్స్‌లో వేసుకోండి.

అక్షరాల్లో వచ్చేదాన్ని ఎంత నమ్మొచ్చు

ఇంగ్లిష్‌లో నింపాదిగా మాట్లాడితే బాగానే రాస్తుంది. తెలుగులో మాట్లాడితే మాత్రం తనకి తెలిసిన ఇంగ్లిష్ మాటల్లో ఇరికించడానికి చూస్తుంది. మా అమ్మ ఒకసారి "నాన్నా, ఫోన్ చెయ్యి, ఏం లేదు ఊరికే" అని పెట్టింది. నాకు మెయిల్‌లో వచ్చింది "నానో ఫోన్ చెవీ ఎమిలీ డూ రికీ". ఈ ఎమిలీ ఎవరో, రికీ ఎవరో అని నేనూ మా ఆవిడా కాసేపు నవ్వుకున్నాం, తర్వాత వింటే అమ్మ గొంతు కొంచెం నీరసంగా ఉంది, వెంటనే ఫోన్ చేస్తే జ్వరమని తెలిసింది. అక్షరాలు చూసి వదిలేసి ఉంటే ఆ సంగతి తెలిసేదే కాదు. ఇంగ్లిష్ మెసేజ్ అయినా సరే, ఫోన్ నంబర్లు, అపాయింట్‌మెంట్ తేదీలు, టైములు, మన పేర్లు ఉన్నవైతే చెవులతో విని నిర్ధారించుకోండి. పదిహేనుకీ యాభైకీ తేడా దానికి తెలియకపోవచ్చు.

దాచుకోవాలనుకుంటే

కొన్ని మెసేజ్‌లు చెరపబుద్ధి కాదు. ఇప్పుడు లేని మనిషి గొంతు అయి ఉండొచ్చు, లేదా డిపాజిట్ తిరిగి ఇస్తామని ఇంటి ఓనరు చెప్పిన మాట అయి ఉండొచ్చు. ఒక్కటే కావాలంటే కంప్యూటర్‌లో ఆ మెసేజ్ తెరిచి, మూడు చుక్కల మెనూలో డౌన్‌లోడ్ నొక్కితే ఆడియో ఫైల్ మీ దగ్గరికి వస్తుంది. అన్నీ కావాలంటే గూగుల్ టేకౌట్‌లోకి, అంటే మీ గూగుల్ డేటాని దించుకునే పేజీకి, వెళ్లండి. అక్కడ గూగుల్ సర్వీసులన్నీ ముందే టిక్ పెట్టి ఉంటాయి, "డీసెలెక్ట్ ఆల్" కొట్టి కిందికి పోయి వాయిస్ ఒక్కదానికే టిక్ పెట్టండి, లేకపోతే మీ ఫొటోలన్నీ కలిపి కొండంత ఫైల్ తయారవుతుంది. సిద్ధమయ్యాక మెయిల్ వస్తుంది, దించుకుని విప్పితే ఫోల్డర్‌లో ఎంపీ3 ఫైళ్లు, వాటి పక్కనే వివరాలున్న పేజీలు ఉంటాయి. ఫైల్ పేరులోనే నంబరూ తేదీ ఉంటాయి కాబట్టి వెతుక్కోవడం కష్టం కాదు. హ్యాంగౌట్స్ మూసినప్పుడు నేర్చుకున్నదాన్ని బట్టి నేను ఏడాదికోసారి ఈ పని చేస్తున్నాను.

లిస్టు శుభ్రం చేసుకోవడానికే అయితే డిలీట్ కొట్టకండి, ఆర్కైవ్ కొట్టండి. కంటికి కనిపించదు, అడిగితే దొరుకుతుంది.

నంబరే పోకుండా

వాయిస్ నంబర్‌ని మూడు నెలలపాటు అసలు వాడకపోతే గూగుల్ దాన్ని వెనక్కి తీసుకునే వీలుంది, తీసుకునేముందు మెయిల్ పంపుతుంది. హ్యాంగౌట్స్ పోయాక వాయిస్ యాప్ వేసుకోకుండా వదిలేస్తే నంబర్ పోయేది ఇలాగే. వాడటం అంటే పెద్ద పనేమీ కాదు, ఒక కాల్ చేయడమో ఎత్తడమో, ఒక టెక్స్ట్ పంపడమో, వచ్చిన వాయిస్‌మెయిల్ ఒకటి వినడమో చాలు. అవును, వాయిస్‌మెయిల్ వింటే కూడా లెక్కలోకి వస్తుంది. మెసేజ్‌లు మెయిల్‌లో అక్షరాల్లో చదివేసి వదిలేసే అలవాటున్నవాళ్లు నెలకోసారైనా యాప్ తెరిచి ఒకటి వినండి. ఆ నంబర్ మీకు మరీ ముఖ్యమైతే, బ్యాంకుల్లో, స్కూల్లో ఇచ్చి ఉంటే, 20 డాలర్లు కట్టి శాశ్వతంగా ఉంచుకునే వీలు కూడా ఉంది.

ఇందాక చెప్పిన ఆరంకెల కోడ్ సంగతి. ఆన్‌లైన్‌లో ఏదో అమ్మకానికి పెడతారు, ఒకాయన కొంటానని మెసేజ్ పెట్టి, "మీరు నిజం మనిషేనా కాదా చూడటానికి ఒక కోడ్ పంపాను, అదేంటో చెప్పండి" అంటాడు. అది గూగుల్ వాయిస్ కోడ్. మీరు చెప్పిన మరుక్షణం మీ మొబైల్ నంబర్‌తో అతను ఒక వాయిస్ నంబర్ తెరిచేసి, దాంతో ఇంకొకళ్లని మోసం చేస్తాడు. అమెరికాలో వినియోగదారుల రక్షణ చూసే ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ కూడా దీని గురించి జనాన్ని హెచ్చరించింది. ఆ కోడ్ వాయిస్ పేజీలో మీ చేత్తో మీరే కొట్టాలి, ఇంకెవరికీ చదివి వినిపించకూడదు. అలాగే "మీకు కొత్త వాయిస్‌మెయిల్ వచ్చింది" అని అటాచ్‌మెంట్‌తో దొంగ మెయిళ్లు కూడా తిరుగుతుంటాయి. ఏమాత్రం అనుమానం వచ్చినా మెయిల్‌లో ఏదీ నొక్కకుండా నేరుగా యాప్ తెరిచి చూసుకోండి. నిజంగా మెసేజ్ ఉంటే అక్కడా ఉంటుంది.

స్కైప్ నంబర్ వాడినవాళ్లకి ఈ దారి పనికిరాదు. స్కైప్ 2025 మే 5న మూతపడింది, అందులోని చాట్‌లు, కాంటాక్ట్‌లు వెళ్లింది మైక్రోసాఫ్ట్ టీమ్స్‌కి, కాబట్టి మీరు మొదలుపెట్టాల్సింది అక్కడినుంచి. గూగుల్‌లో వెతికి లాభం లేదు.

ఇక మీ పలకరింపు కూడా మార్చుకోండి. ఏమీ పెట్టకపోతే మీ పేరు లేని మెషీన్ గొంతు వినిపిస్తుంది, అది విని సగం మంది రాంగ్ నంబరేమో అనుకుని పెట్టేస్తారు. సెట్టింగ్స్‌లో వాయిస్‌మెయిల్ కింద "రికార్డ్ ఎ గ్రీటింగ్" నొక్కి, పేరు చెప్పి, మెసేజ్ పెట్టమని చెప్పండి, పది సెకన్లు చాలు. రికార్డ్ చేశాక దాన్ని వాడుకలో పెట్టడం మర్చిపోకండి, జాబితాలో ఉన్నంత మాత్రాన అది మోగదు. అవతలివాళ్లకి మాట్లాడటానికి మూడు నిమిషాల దాకా టైము ఉంటుంది.

చివరగా పరీక్ష. ఇది చేయకుండా లేవొద్దు. మీ వాయిస్‌కి జతచేయని ఫోన్ ఏదైనా తీసుకోండి, ఇంట్లోవాళ్లదో, పక్కవాళ్లదో. జతచేసిన ఫోన్ నుంచి చేస్తే నేరుగా మీ వాయిస్‌మెయిల్ మెనూలోకే వెళ్లిపోతారు, పరీక్ష కాదు. మీ నంబర్‌కి చేసి, ఎత్తకుండా మోగనివ్వండి. వినిపించిన గొంతు మీదేనా చూడండి. బీప్ తర్వాత తేదీ, టైము చెప్పి పెట్టేయండి. రెండు మూడు నిమిషాలు ఆగి యాప్‌లో, మెయిల్‌లో రెండు చోట్లా వచ్చిందా చూడండి. ఇప్పుడు మీ ఫోన్‌ని ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి ఇదంతా ఇంకోసారి చేయండి, ఎందుకంటే మొబైల్ కంపెనీ వాయిస్‌మెయిల్ దూరేది సరిగ్గా అప్పుడే. రెండోసారి కూడా మీ గొంతే వినిపించి, ఎయిర్‌ప్లేన్ మోడ్ తీయగానే ఆ మెసేజ్ యాప్‌లో కనిపిస్తే పని అయిపోయింది. ముసలాయన గొంతు వినిపిస్తే మళ్లీ లింక్డ్ నంబర్స్ దగ్గరికి వెళ్లండి.